సాఫ్ట్ అంటే మెత్తనేనా?

పొద్దున లేచిన దగ్గర్నుంచి రాత్రి పడుకునే లోపు మనం 'సాఫ్ట్' అనే మాట ఎన్నిసార్లు వాడతామో ఎప్పుడైనా లెక్కపెట్టారా? "ల్యాబ్ రికార్డు సాఫ్ట్ కాపీ ఉంటే పంపరా" అని గ్రూపులో మెసేజ్. క్యాంటీన్లో ఇడ్లీ సాఫ్ట్‌గా లేదని గొణుగుడు. ఫలానా సార్ చాలా సాఫ్ట్, బతిమాలితే అటెండెన్స్ వేసేస్తాడని సీనియర్ల సలహా. ఫలానా వాడికి ఫలానా సెక్షన్లో ఎవరి మీదో సాఫ్ట్ కార్నర్. మధ్యాహ్నం తర్వాత నిద్రొచ్చే పీరియడ్లో సాఫ్ట్ స్కిల్స్ క్లాసు. ఇంటి దగ్గర చుట్టాలకి మన పరిచయం: "మావోడు సాఫ్ట్‌వేర్ చదువుతున్నడు."

పోచారంలో ఉంటూ ఈ మాట నుంచి తప్పించుకోవడం కూడా కష్టమే. ఉప్పల్ దాటి వరంగల్ హైవే మీద ఘట్‌కేసర్ వైపు వస్తుంటే, ఇక్కడ దిగుతామని చెప్పగానే పక్క సీటాయన అడిగే మొదటి ప్రశ్న "ఇన్ఫోసిస్‌లనా?" అని. మన ఊరి పేరు నలుగురి నోట్లో పడిందే సాఫ్ట్‌వేర్ వల్ల.

ఇడ్లీ సంగతి సరే, వేలితో నొక్కి చూస్తే తెలిసిపోతుంది. కాపీని ఎలా నొక్కి చూస్తాం? సార్‌ని? స్కిల్‌ని? ఒక్క ఇడ్లీ దగ్గర తప్ప మిగతా అన్ని చోట్లా ఆ మాట పోలికగా వచ్చిందే. పోలికలతో తప్పేం లేదు, భాష అంతా వాటి మీదే నడుస్తుంది. కానీ పోలిక అని మరిచిపోయి దాన్నే కొలతలా వాడటం మొదలుపెడితే మనుషులకి నష్టం జరుగుతుంది. మన కాలేజీల్లో 'సాఫ్ట్ స్కిల్స్' అనే మాట విషయంలో ఇప్పుడు జరుగుతున్నది అదే అని నా అభిప్రాయం.

నీళ్ళతో మొదలుపెడదాం

హాస్టల్లో ఉండేవాళ్ళకి ఇది బాగా తెలుసు. బోరు నీళ్ళతో తలస్నానం చేస్తే షాంపూ నురగ రాదు. బకెట్ లోపల తెల్లటి పొర, షవర్ చిల్లుల్లో సున్నం. వీటిని ఇంగ్లీషులో 'హార్డ్ వాటర్' అంటారు. మరి ఆ నీళ్ళు గట్టిగా ఉన్నాయా? ఏ నీళ్ళైనా చేతికి ఒకేలా తగులుతాయి కదా. కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువైతే సబ్బు వాటితో కలిసి తెట్టులా మారిపోతుంది, నురగ పుట్టదు. సబ్బుకి లొంగని నీళ్ళు హార్డ్, లొంగేవి సాఫ్ట్. అంటే ఇక్కడ 'సాఫ్ట్' చెప్పేది సబ్బుకీ నీళ్ళకీ మధ్య సంబంధం గురించి.

అయినా ఈ పోలికని ఇంజనీర్లు గాలికి వదిలేయలేదు. దానికి ఒక కొలత పెట్టారు. తాగే నీళ్ళకి భారత ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం కాఠిన్యం లీటరుకి 200 మిల్లీగ్రాముల వరకు ఉండొచ్చు. వేరే దారి లేనప్పుడు 600 వరకు సర్దుకోవచ్చు. ఫస్టియర్ కెమిస్ట్రీ ల్యాబ్‌లో మనందరం ఈడీటీఏతో టైట్రేషన్ చేసి, వైన్ రెడ్ నుంచి నీలం రంగు వచ్చేదాకా చుక్కలు లెక్కపెట్టినవాళ్ళమే. మాట పోలికే, కానీ వెనకాల అంకె ఉంది. "మీ నీళ్ళు హార్డ్" అని ఎవరైనా అంటే "ఎంత?" అని అడగొచ్చు, దానికి జవాబు ఉంటుంది.

ఈఈఈ వాళ్ళకి ఇంకో ఉదాహరణ. ట్రాన్స్‌ఫార్మర్ కోర్‌లో వాడేది 'సాఫ్ట్' అయస్కాంత పదార్థం. ఒకప్పుడు నిజంగానే మెత్తటి ఇనుముకి అయస్కాంతత్వం తేలిగ్గా వచ్చి తేలిగ్గా పోయేది, గట్టి ఉక్కు మాత్రం పట్టుకున్నది వదిలేది కాదు. అక్కణ్ణుంచి ఆ పేర్లు నిలిచిపోయాయి. ఇవాళ కోర్‌కి వాడే సిలికాన్ స్టీల్‌ని చేత్తో వంచి చూసి ఎవరూ 'సాఫ్ట్' అనరు. సెకనుకి 50 సార్లు కరెంటు అటూ ఇటూ మారుతుంటే దానితో పాటు మారగలగడమే ఆ మెత్తదనం. మొండికేసే పదార్థం పెడితే శక్తి వేడిగా పోతుంది, కోర్ కాగిపోతుంది. ఇక్కడ కూడా కొలత ఉంది, కోఎర్సివిటీ అని.

గమనించండి, ఈ రెండు చోట్లా 'సాఫ్ట్' అంటే తక్కువ అని కాదు. పని చేసుకోవడానికి వీలైనది అని.

మెత్తటి సామాను కథ

మరి సాఫ్ట్‌వేర్? 'హార్డ్‌వేర్' అంటే ఇంగ్లీషులో శతాబ్దాలుగా ఇనుప సామాను. ఉప్పల్, నాచారం మెయిన్ రోడ్ల మీద ఇప్పటికీ హార్డ్‌వేర్ షాపు అంటే మేకులు, బందులు, గొళ్ళేలు దొరికే చోటే. పెన్ డ్రైవ్ కోసం వెళ్తే నవ్వుతారు. 'సాఫ్ట్‌వేర్' అనే మాట కంప్యూటర్లకంటే ముందే ఒకసారి అచ్చయింది. 1850లో చార్లెస్ డికెన్స్ నడిపిన 'హౌస్‌హోల్డ్ వర్డ్స్' పత్రికలో లండన్ చెత్తకుప్పల మీద ఒక వ్యాసం వచ్చింది. చెత్త ఏరేవాళ్ళు కుళ్ళిపోయే వాటిని, అంటే కూరగాయల తొక్కలూ మాంసం ముక్కలూ లాంటివాటిని, ఆ మాటతో పిలిచేవాళ్ళట. మన భాషలో తడి చెత్త అన్నమాట! పాత కోడ్‌ని అప్‌డేట్ చేయకుండా వదిలేస్తే ఏమవుతుందో తెలిసినవాళ్ళు ఈ అర్థం కూడా పూర్తిగా తప్పేం కాదంటారు.

మనం వాడే అర్థంలో ఈ మాట అచ్చులో కనిపించింది 1958లో, గణాంకశాస్త్రవేత్త జాన్ టూకీ వ్యాసంలో. చేతికి తగిలే యంత్రం హార్డ్, దాన్ని నడిపించే ఆదేశాలు సాఫ్ట్. సరళమైన పోలిక. కానీ ఈ పోలికకి ఒక నీడ కూడా ఉంది. యంత్రం తయారు చేయడం అసలు పని, ఆదేశాలు రాయడం గుమాస్తా పని అనే భావన ఆ పేరు పుట్టక ముందే ఉండేది. 1946లో లోకానికి చూపించిన ఎనియాక్ కంప్యూటర్‌కి ప్రోగ్రాములు పెట్టింది 6గురు మహిళలు. యంత్రం కట్టిన ఇంజనీర్ల పేర్లు పుస్తకాలకెక్కాయి, వీళ్ళ పేర్లు దశాబ్దాలపాటు ఎవరికీ పెద్దగా తెలియలేదు. అపోలో చంద్రయాత్రల కోసం ప్రోగ్రాములు రాయించిన మార్గరెట్ హామిల్టన్ 'సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్' అనే మాటని పట్టుబట్టి వాడింది కూడా అందుకే. ఇది కూడా ఇంజనీరింగే, దీనికి కూడా ఆ గౌరవం దక్కాలని.

మెత్తనిది కదా అని తేలిగ్గా తీసుకుంటే ఏమవుతుందో 1996 జూన్ 4న తెలిసింది. యూరప్ వాళ్ళ ఏరియాన్ 5 రాకెట్ మొదటి ప్రయాణంలో ఎగిరిన 40 సెకన్లకే ముక్కలైపోయింది. కారణం ఇనుము విరగడం కాదు. ఏరియాన్ 4 నుంచి తెచ్చి పెట్టిన కోడ్‌లో ఒక 64 బిట్ల సంఖ్యని 16 బిట్లలో ఇరికించబోతే అది పట్టలేదు. అంతే. రాకెట్‌లో చేత్తో ముట్టుకోలేని భాగమే రాకెట్‌ని కూల్చింది.

తెలుగులో మెత్తన

ఇప్పుడు మన భాష వైపు చూద్దాం. 'మెత్తన' అనే మాట కూడా దూది నుంచి మనిషి దాకా ప్రయాణించిందే. దిండు మెత్తగా ఉంటుంది. అన్నం పలుకు పోతే మెత్తబడిందంటాం. కారప్పొడి మెత్తగా దంచమంటే సన్నగా అని అర్థం, నొక్కితే లోపలికి పోయేలా అని కాదు. బైక్ కొనివ్వనన్న నాన్న సెమిస్టర్ రిజల్ట్ చూసి మెత్తబడతాడు.

దీనికి ఎదురు నిలబడే 'గట్టి' ఇంకా దూరం పోయింది. గట్టి రాయి, గట్టి పెరుగు, గట్టి నమ్మకం, గట్టి మనిషి. "వెనక బెంచీకి వినపడట్లేదు, గట్టిగా చెప్పు" అంటే శబ్దం పెంచమని. ఇంగ్లీషులో ఇన్నింటికీ ఒకే మాట వాడితే కుదరదు. ఒక్కోదానికి ఒక్కో మాట కావాలి.

అటు చూస్తే ఇంగ్లీషు 'సాఫ్ట్' చేసే పనికి మనకి బోలెడన్ని మాటలున్నాయి. పసిపాప చెయ్యి సుతిమెత్తన. బెండకాయ లేత. లేతదో కాదో చూడటానికి మనవాళ్ళు దాన్ని నొక్కరు, కొస విరుస్తారు. టప్పున విరిగితేనే లేతది! పట్టు నున్నన. మాట మృదువు. మనసు సున్నితం. ఇక మనుషుల దగ్గరికొస్తే అసలు తేడా కనిపిస్తుంది. తొందరపడకుండా ఆలోచించి మాట్లాడేవాడు నెమ్మదస్తుడు. ఎవరేమన్నా పడి ఉండేవాడు మెతక. లోపల ఒకటి పెట్టుకుని పైకి ఏమీ ఎరగనట్టుండేది నంగనాచి. ఈ ముగ్గురినీ 'వెరీ సాఫ్ట్ పర్సన్' అని ఒకే బెంచీ మీద కూర్చోబెట్టేస్తే ఎలా? మొదటివాణ్ణి మెచ్చుకోవాలి, రెండోవాడికి ధైర్యం చెప్పాలి, మూడో మనిషితో జాగ్రత్తగా ఉండాలి.

సామెతలు కూడా ఈ తేడాని ఎప్పుడో పట్టుకున్నాయి. "నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుంది" అన్నవాళ్ళే "మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి" అని కూడా అన్నారు. మాట మెత్తగా ఉండాలి గానీ మనిషి మెతకగా ఉండకూడదని ఈ రెండూ కలిపి చదివితే అర్థమవుతుంది.

ఇంకో సరదా సంగతి. మన హైదరాబాద్ మాటల్లో 'సాఫ్' ఉంది. "రూమ్ సాఫ్ చెయ్", "దిల్ సాఫ్ ఉన్నోడు" అంటాం. అది ఉర్దూ నుంచి వచ్చింది, శుభ్రం అని అర్థం. ఇంగ్లీషు సాఫ్ట్‌తో దానికి ఏ చుట్టరికమూ లేదు. అలాగే ఇంగ్లీషువాళ్ళు మద్యం లేనిదాన్ని 'సాఫ్ట్ డ్రింక్' అంటే మనం దాన్ని 'కూల్ డ్రింక్' చేసి, మద్యాన్ని 'హాట్' చేశాం. వాళ్ళు 'సాఫ్ట్ స్పాట్' అంటే మనం 'సాఫ్ట్ కార్నర్' అన్నాం. అంటే అరువు తెచ్చుకున్న మాటని కూడా మనకి కావలసినట్టు మలుచుకోగలం. అలాంటప్పుడు 'సాఫ్ట్ స్కిల్స్'ని మాత్రం ప్యాకెట్ విప్పకుండా ఎందుకు వాడుతున్నాం?

సైన్యంలో పుట్టిన మాట

సాఫ్ట్ స్కిల్స్ అనగానే మనకి గుర్తొచ్చేది ఏంటి? టై, షేక్‌హ్యాండ్, "టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్", కొంచెం విదేశీ యాస. కానీ ఈ మాట పుట్టింది కార్పొరేట్ ఆఫీసులో కాదు, అమెరికా సైన్యంలో. 1960ల చివర్లో అక్కడ శిక్షణ మొత్తాన్ని పద్ధతిగా రూపొందించాలనుకున్నారు. ట్యాంకు నడపడం, ఫిరంగి బాగుచేయడం లాంటి యంత్రాల పనులకి మెట్టు మెట్టుగా పాఠం రాయడం కుదిరింది. మనుషుల్ని నడిపించడం, వాళ్ళ కష్టం విని సలహా ఇవ్వడం, తనిఖీ చేయడం లాంటి పనులకి మాత్రం కుదరలేదు. ఈ రెండో రకానికి పెట్టిన పేరే సాఫ్ట్ స్కిల్స్. దాని మీద 1972 డిసెంబర్‌లో టెక్సాస్‌లోని ఫోర్ట్ బ్లిస్‌లో ఒక సదస్సు కూడా పెట్టారు. అక్కడ చర్చించినవాళ్ళకే ఈ మాట సరిగ్గా నచ్చలేదు. మనకి బాగా తెలిసిన పనుల్ని హార్డ్ అని, సరిగ్గా తెలియని పనుల్ని సాఫ్ట్ అని అంటున్నామేమో అన్న అనుమానం అప్పుడే వచ్చింది.

అంటే నీళ్ళ విషయంలో, ఇనుము విషయంలో 'సాఫ్ట్' వెనకాల కొలత ఉంది. స్కిల్స్ విషయంలో, కొలత దొరకలేదు కాబట్టే ఆ పేరు పెట్టారు. మనం మాత్రం ఆ పేరునే కొలతగా వాడుతున్నాం. "టెక్నికల్లీ ఓకే, సాఫ్ట్ స్కిల్స్ వీక్." ఈ ఒక్క వాక్యం మన ప్లేస్‌మెంట్ సీజన్‌లో ఎంతమంది మీద పడుతుందో మీకు తెలుసు.

మా ఫ్లోర్‌లో ఒక మిత్రుడున్నాడు. పదో తరగతి వరకు ఊళ్ళో తెలుగు మీడియం. ఎండాకాలం నీళ్ళు బంద్ అయితే ఫ్లోర్ మొత్తం అరుచుకుంటుంటే, ట్యాంకర్ అన్నతో మాట్లాడేది అతనే. "అన్నా, ఇంకో ట్రిప్పు ఎన్నింటికి వస్తవే? పరీక్షలున్నయ్, జర చూడరాదే" అంటాడు. ఆయన వస్తాడు. మెస్‌లో గొడవైతే వంటాయన్నీ మనవాళ్ళనీ ఇద్దర్నీ నొప్పించకుండా సర్ది చెప్పేది అతనే. ప్రాజెక్టు టీమ్‌లో ఇద్దరు మాట్లాడుకోకపోతే మధ్యలో కూర్చుని పని పూర్తి చేయించేదీ అతనే. సైన్యం వాళ్ళ జాబితా ముందు పెట్టుకుంటే, వినడం, సర్దిచెప్పడం, నలుగురిని కలిపి నడిపించడం అన్నీ అతని దగ్గర ఉన్నాయి. ఒక ఇంటర్వ్యూ తర్వాత అతనికి వచ్చిన మాట కూడా అదే: సాఫ్ట్ స్కిల్స్ మెరుగుపరుచుకోవాలి.

నిజానికి వాళ్ళు చెప్పాలనుకున్నది "ఇంగ్లీషులో వాక్యం మధ్యలో ఆగిపోతున్నావు" అని. అది నిజమే, అతనికీ తెలుసు. విదేశీ క్లయింటుతో మాట్లాడాల్సిన ఉద్యోగానికి ఇంగ్లీషు కావాలి, అందులో దాపరికం ఏం లేదు. కానీ ఆ మాట అలాగే చెప్పి ఉంటే, ఏం చేయాలో అతనికి తెలిసేది. రోజుకి అరగంట చదువుతాడు, మాట్లాడతాడు, మూడు నెలల్లో తేడా కనిపిస్తుంది. ఇంగ్లీషు నిఖార్సైన హార్డ్ స్కిల్. వ్యాకరణం ఉంది, పరీక్ష ఉంది, మార్కు ఉంది. "నీ సాఫ్ట్ స్కిల్స్ బాలేవు" అంటే మాత్రం, "నీకు మనుషులతో మెలగడం రాదు" అని వినపడుతుంది. ఒక భాషలో తడబడటాన్ని స్వభావంలో లోపంగా మార్చేసిన మాట అది. ఆ తర్వాత కొన్నాళ్ళు అతను ట్యాంకర్ అన్నకి కూడా ఫోన్ చేయలేదు. "నాకు మాట్లాడుడు రాదట కదరా" అన్నాడు. నాకు బాధ కలిగింది అక్కడే.

ఇంకో వైపు కూడా చూడండి. ఫెస్ట్ వస్తే వేదిక మీద యాంకరింగ్, అతిథికి బొకే, రిసెప్షన్ టేబుల్ ఎవరికి వెళ్తాయి? అమ్మాయిలకి. "వాళ్ళకి సాఫ్ట్ స్కిల్స్ బాగుంటాయి కదా" అంటాం. హ్యాకథాన్ టీమ్‌లో కోడ్ అబ్బాయిలు రాస్తే, పీపీటీ చేసి చెప్పే పని అమ్మాయికి. మెచ్చుకుంటున్నట్టే ఉంటుంది, కానీ ఎనియాక్ గదిలో గీసిన గీతే ఇది కూడా. ఒకరికి ఆ మాటతో తలుపు మూస్తున్నాం, ఇంకొకరిని అదే మాటతో పక్క గదిలో కూర్చోబెడుతున్నాం.

మన చేతిలో ఉన్నది

"మాటే కదా భయ్, ఇంత రాద్ధాంతం ఎందుకు? కంపెనీలు మన కోసం మాట మారుస్తాయా?" అని మీరు అడగొచ్చు. కంపెనీలు మార్చవు, నిజమే. కానీ ఆ కంపెనీల ముందు మనం కూర్చునే లోపు మన కాలేజీలోనే ఎన్నో మాక్ ఇంటర్వ్యూలు జరుగుతాయి. వాటిలో మార్కులు వేసేది మన సీనియర్లే, రేపు మనమే. ఆ షీటులో 'సాఫ్ట్ స్కిల్స్' అని ఒక గడి ఉంటుంది, పదికి ఇన్ని అని వేసేస్తాం. ఆ ఒక్క గడిని చెరిపేసి అయిదు గడులు గీయమని నా ప్రతిపాదన. అడిగింది పూర్తిగా విన్నాడా? అర్థం కాకపోతే మళ్ళీ అడిగాడా? తెలియనిది తెలియదని చెప్పగలిగాడా? చెప్పేది ఒక వరసలో చెప్పాడా? ఇంగ్లీషు వాక్యం ఎంతవరకు వచ్చింది?

మొదటి నాలుగు ఏ భాషలోనైనా చూడొచ్చు. కాబట్టి మొదటి రౌండు తెలుగులో, లేదా అవతలి వాళ్ళ ఇంటి భాషలో పెట్టండి. అప్పుడు తెలుస్తుంది ఎవరికి మాట రాదో, ఎవరికి ఇంగ్లీషు మాట మాత్రమే రాదో. రెండింటికీ మందు ఉంది, కానీ ఒకటే మందు కాదు.

రెండో ప్రతిపాదన మన క్లబ్బుకి. సాఫ్ట్‌వేర్‌కి తమిళులు 'మెన్‌పొరుళ్' అని పెట్టుకున్నారు, మెత్తని వస్తువు అని అర్థం, వాడుతున్నారు కూడా. మనం అంత దూరం పోనక్కర్లేదు, సాఫ్ట్‌వేర్ మనకి తెలుగైపోయింది. కానీ మనుషుల గురించి చెప్పేటప్పుడైనా మన దగ్గరున్న మాటల్ని బయటికి తీద్దాం. మీ నల్లగొండలో, మీ ఆదిలాబాద్‌లో, మీ శ్రీకాకుళంలో, మీ అనంతపురంలో నలుగురితో మంచిగా మెలిగేవాణ్ణి ఏమంటారు? గొడవల్ని సర్దేవాణ్ణి ఏమంటారు? మెతకవాణ్ణి, నెమ్మదస్తుణ్ణి వేరు చేసి చెప్పే మాట మీ ఇంట్లో ఏది? మీ నాయనమ్మనో అమ్మమ్మనో అడిగి రాసి పంపండి. మాక్ ఇంటర్వ్యూ షీటులో గడుల పక్కన ఇంగ్లీషుతో పాటు ఆ మాటలు కూడా రాద్దాం. వచ్చే ప్లేస్‌మెంట్ సీజన్ మొదలయ్యే లోపు ఆ షీటు తయారు చేయగలిగితే, ముందుగా మా ఫ్లోర్ మిత్రుడితోనే ఇంటర్వ్యూ మొదలుపెడదాం.